ఆ 26 వేల కిట్టు కొనకండి

ప్రశ్న: నమస్కారం సార్. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఒక ఊరు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా పనిచేస్తున్నాను. సిస్కో కంపెనీవారి నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్‌ఏ రాయాలని ఉంది. జీతంలో మిగుల్చుకుని 18 వేలు దాచాను. హైదరాబాద్‌లో ఉండే మా బావగారి స్నేహితుడి దగ్గర ఒక ల్యాబ్ కిట్టు ఉందట. సిస్కో 2811 రౌటర్లు మూడు, 2950 స్విచ్‌లు మూడు, సీరియల్ కేబుళ్లు, ర్యాకుతో సహా 26 వేలకు ఇస్తామంటున్నారు. తక్కువపడిన 8 వేలు బావగారే సర్దుతానన్నారు. నా ల్యాప్‌టాప్ పాతది, 8 జీబీ ర్యామ్. మాది రెండు గదుల ఇల్లు. రాత్రి అందరూ పడుకున్నాకే నాకు చదువుకోవడం కుదురుతుంది. అన్ని పెట్టెలు పెడితే కరెంటు బిల్లు ఎంతొస్తుందోనని అమ్మ భయం. కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్కు కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ప్రోగ్రాం ఒక్కటే చాలని కొందరంటున్నారు. కానీ అసలు పరికరం ముట్టుకోకుండా ఇంటర్వ్యూకి వెళ్తే నోరు పెగలదేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ఉత్తరంలో లెక్కలన్నీ చక్కగా రాశారు. ఒక్క లెక్క వదిలేశారు. పరీక్ష ఫీజు.

సీసీఎన్‌ఏ పరీక్షకు సిస్కో పెట్టిన ధర 300 డాలర్లు, పన్ను అదనం. రూపాయల్లో పాతిక వేలు దాటుతుంది. అంటే మీరు దాచిన 18 వేలు ఫీజుకే చాలవు. ఇప్పుడు కిట్టు కొన్నారనుకోండి. ఇంట్లో ర్యాకు ఉంటుంది, బావగారి దగ్గర అప్పు ఉంటుంది, పరీక్ష కట్టడానికి మాత్రం చేతిలో పైసా ఉండదు. ఇలా ఇరుక్కున్నవాళ్లను చూశాను. సిలబస్ పూర్తిచేసి ఫీజు దగ్గర ఆగిపోతారు. డబ్బు కూడేసరికి చదివిందంతా మరుపున పడి మళ్లీ మొదటికొస్తారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఆ కిట్టు వద్దు. ల్యాబే వద్దనడం లేదు. ల్యాబ్ ఖర్చు 5 వేలు దాటనివ్వకండి. మిగతా 13 వేలు ఫీజు డబ్బని రాసిపెట్టి, ఇంకెవరు అడిగినా తీయకండి.

అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని నా ఉద్దేశం కాదు. వాళ్లు కొన్న రోజుల్లో అది మంచి కిట్టే అయి ఉంటుంది. సిలబస్సే మారిపోయింది. 2020 ఫిబ్రవరి 24 నుంచి సీసీఎన్‌ఏ అంటే 200-301 అనే ఒక్క పరీక్ష. అంతకుముందు ఈఐజీఆర్‌పీ, పీపీపీ, సీరియల్ లింకులు అనే పాత పద్ధతులు ఉండేవి, ఇంకా వెనక్కి వెళ్తే ఫ్రేమ్ రిలే. మూడు రౌటర్లు, వాటి మధ్య సీరియల్ కేబుళ్లు అనే అమరిక ఆ కాలపు పాఠాల కోసం పుట్టింది. ఇప్పుడు రౌటింగ్‌లో ప్రధానంగా కావలసింది స్టాటిక్ రూట్లు, ఒకే ఏరియాలో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమకు తెలిసిన దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి). వాటికి ఈథర్‌నెట్ తీగ చాలు. ఇక 2950 స్విచ్ అయితే మరీ పాతది, చాలావాటిలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా పరికరంలోకి వెళ్లే పద్ధతి) కూడా ఉండదు. ఎస్‌ఎస్‌హెచ్ పెట్టడం రాకుండా ఈ రోజుల్లో పరీక్ష దాటలేరు, ఉద్యోగంలో నిలబడలేరు.

పరీక్షలో మార్కులు ఎటు పోతాయో కూడా ఒకసారి చూడండి. ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ ప్రాథమికాంశాలకు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసులకు 10, ఆటోమేషన్‌కు 10. 2024 ఆగస్టులో 1.1 వెర్షన్ వచ్చాక ఆటోమేషన్ భాగంలో పపెట్, షెఫ్ అనే టూల్స్ పోయి టెర్రాఫామ్ అనేది చేరింది, ఏఐ గురించి కూడా ఒక అంశం వచ్చింది. ఇవేవీ ఆ ర్యాకులో దొరకవు. వైర్‌లెస్ కంట్రోలర్ తెర ఎలా ఉంటుందో తెలియాలి, అది కూడా ఆ కిట్టులో లేదు, ప్యాకెట్ ట్రేసర్‌లో ఉంది.

ప్యాకెట్ ట్రేసర్‌ను చిన్నచూపు చూడకండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా ఖాతా తెరిస్తే అదీ ఉచితంగానే దొరుకుతుంది. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. దానికి లోపాలు లేకపోలేదు. అది అసలు ఐఓఎస్ (సిస్కో పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) కాదు, ఐఓఎస్‌లా ప్రవర్తించేలా రాసిన ప్రోగ్రాం. కొన్ని కమాండ్లు తీసుకోదు, డీబగ్‌లు కొన్నే ఉంటాయి. కానీ సీసీఎన్‌ఏ స్థాయికి దాదాపు అన్నీ అందులో కట్టవచ్చు. చాలామందికి అది పనికిరానట్టు అనిపించడానికి కారణం వేరే ఉంది. యూట్యూబ్ వీడియో పక్కన పెట్టుకుని, వాళ్లు కొట్టిన కమాండ్లు కొట్టి, పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందా అని చూసే కమాండ్) వెళ్లగానే ఫైలు మూసేస్తారు. అలా చేస్తే లక్ష రూపాయల ర్యాకు ముందు కూర్చున్నా వచ్చేది అంతే.

ల్యాబ్ అంటే పనిచేసేదాన్ని చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకునే చోటు. ఎలాగో ఒక ఉదాహరణతో చెప్తాను, మీ స్కూలునే తీసుకుందాం.

ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు 2960 స్విచ్‌లు, ఒక రౌటరు పెట్టండి. అవే స్విచ్‌ల మీద నెట్‌వర్కును విడి భాగాలుగా చేస్తే ఒక్కో భాగాన్ని వీల్యాన్ అంటారు. టీచర్ల గదికి వీల్యాన్ 10, కంప్యూటర్ ల్యాబ్‌కు వీల్యాన్ 20. రెండు స్విచ్‌ల మీదా రెండు వీల్యాన్‌లలోనూ ఒక్కో పీసీ. స్విచ్‌ల మధ్య ట్రంకు (అన్ని వీల్యాన్‌లనూ మోసే లింకు), మొదటి స్విచ్ నుంచి రౌటరుకు ఇంకో ట్రంకు, రౌటర్ మీద ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో సబ్ ఇంటర్‌ఫేస్. నాలుగు పీసీలూ ఒకదాన్నొకటి పింగ్ చేసేదాకా కట్టండి. ఇక్కడిదాకా అందరూ చేస్తారు.

ఇప్పుడు రెండో స్విచ్‌లోకి వెళ్లి వీల్యాన్ 20ని తీసేయండి. ట్రంకు ముట్టుకోవద్దు, పోర్టులు ముట్టుకోవద్దు. ఆ స్విచ్‌కు ఉన్న ల్యాబ్ పీసీకి పింగ్ ఆగిపోతుంది. ఆగిందని మీకు ముందే తెలుసు కాబట్టి అది గొప్ప కాదు, ఆ తప్పు ఎక్కడెక్కడ ఏ రూపంలో కనబడుతుందో వెతకడమే పని. షో వీల్యాన్ బ్రీఫ్ కొట్టండి. ఆ పీసీ ఉన్న పోర్టు వీల్యాన్ 20లో లేదు సరే, వీల్యాన్ 1కైనా తిరిగొచ్చిందా అంటే అదీ లేదు. జాబితాలో ఎక్కడా కనబడదు, మాయమైనట్టే. షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టండి. ట్రంకు మీద అనుమతించిన వీల్యాన్‌ల వరుసలో 20 ఇంకా ఉంటుంది. దాని కింద, అనుమతి ఉండి యాక్టివ్‌గా కూడా ఉన్న వీల్యాన్‌ల వరుస వస్తుంది, అందులో ఉండదు. ఈ రెండు వరుసల తేడా పుస్తకంలో పదిసార్లు చదివినా గుర్తుండదు. మీ చేత్తో చెడగొట్టి చూస్తే ఒక్కసారికే ఉండిపోతుంది. ఆఫీసుల్లో కొత్త ఫ్లోర్‌కు స్విచ్ పెట్టి, అందులో వీల్యాన్ సృష్టించడం మరిచి, కేబుల్ మనిషిని తిట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇలాంటివి రోజుకొకటి చేయండి. ట్రంకుకు ఒక వైపు నేటివ్ వీల్యాన్ (ట్రంకు మీద గుర్తు లేకుండా వెళ్లేది) మార్చి, పక్క పరికరాన్ని కనిపెట్టే సీడీపీ ఏమని గొణుగుతుందో చూడండి. ఓఎస్‌పీఎఫ్‌లో హలో టైమరు (ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో చెప్పేది) ఒక రౌటర్‌లో 10, ఇంకో దాంట్లో 5 పెట్టి నైబర్ ఎందుకు రాదో చూడండి. సబ్‌నెట్ మాస్కు ఒకవైపు తప్పు పెట్టండి. ఇంకా బాగుండాలంటే మీలాగే చదువుతున్న ఒకరిని వెతుక్కోండి. మీ ఫైలును వాళ్లు చెడగొట్టి పంపాలి, వాళ్లది మీరు. ఏం చెడిందో తెలియకుండా వెతికే ఆ గంటే అసలు చదువు. పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకోండి. ఏ లక్షణం కనబడింది, ఏ షో కమాండ్‌తో దొరికింది, ఈ రెండే రాయండి. కాన్ఫిగరేషన్ మొత్తం కాపీ చేయకండి, దాన్ని మళ్లీ తిరగేసి చూసేవాళ్లు లేరు.

ఇక మీ టెన్షన్ సంగతి. అసలు పరికరం ముట్టుకోకపోతే ఇంటర్వ్యూలో తడబడతామన్నది సగం నిజం. రౌటింగ్ గురించి అడిగితే ప్యాకెట్ ట్రేసర్‌లో నేర్చుకున్నది చాలు. పెట్టెలోంచి స్విచ్ తీసి ఏం చేస్తారు, పాస్‌వర్డ్ తెలియకపోతే ఎలా లోపలికి వెళ్తారు, లైటు ఆరెంజ్ రంగులో ఉంటే ఏమిటి అర్థం అని అడిగితే మాత్రం ముట్టుకున్నవాళ్ల జవాబు వేరుగా ఉంటుంది. ఈ కొంచెం కోసమే డబ్బు పెట్టాలి. దీనికి ఆరు పెట్టెలు అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ 2960 స్విచ్‌లు రెండు, ల్యాప్‌టాప్ నుంచి నేరుగా స్విచ్‌లోకి వెళ్లడానికి ఒక కన్సోల్ కేబులు, తీగకు ప్లగ్గు బిగించే ఒక క్రింపింగ్ టూలు, కాస్త క్యాట్ 5ఈ తీగ, ఓ గుప్పెడు ఆర్‌జే45 ప్లగ్గులు. అంతే. రౌటరు కొనకండి, ఆ పని ల్యాప్‌టాప్‌లో జరుగుతుంది.

ఒక్క స్విచ్ చాలదా అంటారేమో. చాలదు. రెండు స్విచ్‌లను రెండు తీగలతో కలపండి. కాసేపటికి ఒక పోర్టు లైటు ఆరెంజ్‌లోనే ఉండిపోతుంది. సమాచారం ఆ తీగల్లో గిరగిరా తిరిగి నెట్‌వర్కును ముంచేయకుండా, స్విచ్‌లోని స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఆ దారిని మూసిందన్నమాట. ఒక పీసీ నుంచి ఆగకుండా పింగ్ పెట్టి, ఆకుపచ్చగా ఉన్న తీగ లాగేయండి. పాత పద్ధతిలో ఆ మూసిన పోర్టు వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుని, అప్పుడు తెరుచుకుంటుంది. ఆ 30 సెకన్లు పింగ్‌లు పోతూ ఉంటే తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. రెండు స్విచ్‌లలోనూ స్పానింగ్ ట్రీని దాని వేగవంతమైన రూపం ర్యాపిడ్ పీవీఎస్‌టీకి మార్చి మళ్లీ లాగండి. ఒకటో రెండో పింగ్‌లు పోతాయి, అంతే. స్పానింగ్ ట్రీ ఎందుకు నేర్చుకోవాలి, ర్యాపిడ్ ఎందుకొచ్చింది అని ఎవరడిగినా మీ దగ్గర అప్పుడు కంఠతా జవాబు కాదు, చూసిన జవాబు ఉంటుంది. రెండింటిలో రూట్ బ్రిడ్జి, అంటే స్పానింగ్ ట్రీకి పెద్ద స్విచ్, ఏది అయిందో కూడా చూడండి. ప్రయారిటీ రెండింటికీ 32768 ఉంటే మ్యాక్ అడ్రసు చిన్నది గెలుస్తుంది. తరచుగా అది పాత స్విచ్చే అవుతుంది. పెద్ద ఆఫీసుల్లో మూలనున్న ముసలి స్విచ్ నెట్‌వర్కుకు పెద్దదిక్కు అయిపోవడం ఇలాగే.

కొనేటప్పుడు జాగ్రత్తలు. హైదరాబాద్ అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు, దగ్గర్లో కావాలంటే విశాఖ ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి. ఒక్కో స్విచ్‌కు 2 వేలు దాటితే బేరం మానుకోండి, ఇంకొకటి దొరుకుతుంది. మోడల్ నంబరు చివర చూడండి. 24 పోర్టుల దాంట్లో చివర ఎల్ అని ఉంటే లాన్ బేస్, ఎస్ అని ఉంటే సౌకర్యాలు తక్కువున్న లాన్ లైట్. ఎల్ ఉన్నదే తీసుకోండి. డబ్బిచ్చే ముందు స్విచ్ ఆన్ చేయించి, షో వెర్షన్ తెర ఫొటో పంపమనండి. ఐఓఎస్ ఫైలు పేరులో కే9 అని ఉండాలి. అది లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌కు తాళంచెవి తయారుచేసే కమాండే ఉండదు, సగం సెక్యూరిటీ పాఠం పోయినట్టే. పోర్టుల్లో పిన్నులు వంగాయేమో టార్చి వేసి చూడండి. పవర్ తాడు ఇవ్వలేదని అదనంగా అడిగితే ఇవ్వకండి, డెస్క్‌టాప్ కంప్యూటర్ తాడే దానికి సరిపోతుంది.

మీ ఇంటికి ఇంకో మాట. 24 పోర్టుల స్విచ్‌లో చిన్న ఫ్యాను ఉంటుంది, నిశ్శబ్దంగా ఉన్న రాత్రి అది బాగానే వినబడుతుంది. 2960లోనే 8 పోర్టుల బుల్లి మోడల్ ఉంది, దానికి ఫ్యానే లేదు. దొరికితే అదే తీసుకోండి, పక్కగదిలో నిద్రపోయేవాళ్లతో మాట పడక్కర్లేదు. ఆ కిట్టులోని 2811 రౌటర్లు మూడూ ఒకేసారి ఆన్ చేసుంటే మీ అమ్మగారు బిల్లు సంగతి మరిచిపోయి ముందు ఆ హోరు గురించే అడిగేవారు.

బిల్లు విషయానికి వస్తే ఆవిడకు ఈ లెక్క చెప్పండి. 24 పోర్టుల 2960 లాగేది మహా అయితే 30 వాట్లు. రెండూ కలిపి 60. పాత సీలింగ్ ఫ్యాను ఒక్కటే అంతకంటే ఎక్కువ లాగుతుంది. రోజుకు రెండు గంటలు నడిపితే నెలకు 3.6 యూనిట్లు. అదే ఆరు పెట్టెలు ఆపకుండా నడిపితే కథ వేరు. పని అయ్యాక స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి. కాన్ఫిగరేషన్ సేవ్ చేయకుండా ఆపి మరునాడు నెత్తి కొట్టుకోవడం కూడా ల్యాబ్‌లో భాగమే.

బిల్లు కంటే నాకు భయం వేసేది ఎర్తింగ్ గురించి. మన పల్లెల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. ఎర్తు లేని చోట స్పైక్ గార్డు పెట్టినా పేరుకే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించండి. స్విచ్ ఇనుప పెట్టె, చేత్తో పట్టుకునేది. పిడుగులు పడే రోజుల్లో పవర్ ప్లగ్గే కాదు, ఇంటర్నెట్ బాక్సు నుంచి వచ్చే ఈథర్‌నెట్ తీగ కూడా పీకి పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాంధ్రలో అక్టోబరు, నవంబరుల్లో ఆన్‌లైన్ పరీక్షో, గడువు ఉన్న పనో పెట్టుకునేవాళ్లు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

స్విచ్ ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఇలా ఉంటుంది. కన్సోల్ కేబులు యూఎస్‌బీ నుంచి ఆర్‌జే45 రకం తీసుకోండి, ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నదైతే డ్రైవర్ గొడవలు తక్కువ. డివైస్ మేనేజర్‌లో ఏ కామ్ పోర్టు వచ్చిందో చూసి, పుట్టీ అనే ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని, స్పీడు 9600 పెట్టండి. తెర నల్లగా ఉంటే కంగారుపడకండి, ఎంటర్ కొట్టండి. పిచ్చి అక్షరాలు వస్తుంటే స్పీడు తప్పు. ఆ తర్వాత చాలావరకు పాస్‌వర్డ్ అడుగుతుంది, పాత ఆఫీసువాళ్లు పెట్టినది. అమ్మినవాణ్ని తిట్టకండి, మీకు కావలసింది అదే. ముందువైపు మోడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ పెట్టండి. స్విచ్ మామూలుగా లేవకుండా మధ్యలో ఆగుతుంది. ఫ్లాష్ ఇనిట్ ఇచ్చి, ఫ్లాష్‌లో ఉన్న కాన్ఫిగ్ డాట్ టెక్స్ట్ ఫైలు పేరు మార్చి, బూట్ కొట్టండి. పాస్‌వర్డ్ లేకుండా లేస్తుంది. ఇది రెండు మూడుసార్లు చేస్తే ఇంటర్వ్యూలో నిద్రలో అడిగినా చెప్తారు.

లోపలికి వెళ్లాక రైట్ ఎరేజ్ కొట్టి రీలోడ్ చేసినా పాత ఆఫీసు వీల్యాన్‌లు మళ్లీ కనబడతాయి. అకౌంట్స్, గెస్ట్, సీసీటీవీ అంటూ ఎవరిదో ఆఫీసు మ్యాపు మీ ముందుంటుంది. వీల్యాన్‌ల సమాచారం ఫ్లాష్‌లో వేరే ఫైలులో, వీల్యాన్ డాట్ డ్యాట్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా డిలీట్ చేయాలి. రెండు పాత స్విచ్‌లను ఈ పని చేయకుండా కలపకండి. వీటీపీ (స్విచ్‌లు వీల్యాన్‌ల జాబితాను తమలో పంచుకునే పద్ధతి) డొమైన్ పేరు ఒకటే అయితే రివిజన్ నంబరు పెద్దదున్న స్విచ్, రెండోదాని వీల్యాన్‌లను తుడిచేస్తుంది. తర్వాత ఎప్పుడైనా కావాలనే చేసి చూడండి, భలే పాఠం.

తీగలు చేయడం మీ స్కూల్ ల్యాబ్‌లోనే నేర్చుకోవచ్చు. ఆ ల్యాబ్‌లో పాడైన ప్యాచ్ తీగలు ఒక మూలన ఉండకపోవు. హెడ్ మాస్టర్‌ను అడిగి చివర్లు కత్తిరించి కొత్త ప్లగ్గులు వేయండి, బడికీ లాభమే. ప్లగ్గులో తీగల రంగులకు 568బీ అనే వరుస: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మూడో తీగ జతగాడు నాలుగులో కాదు, ఆరులో ఉంటుంది. కొత్తవాళ్ల తీగలు ఎక్కువగా తప్పేది అక్కడే. మీ స్విచ్‌లను మాత్రం స్కూల్ నెట్‌వర్కుకు ఎప్పుడూ కలపకండి. ల్యాబ్‌లో మీరు పెట్టిన డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రసులు ఇచ్చే) సర్వర్ బడిలోని కంప్యూటర్లకు తన అడ్రసులు పంచడం మొదలుపెడితే, ఆఫీసు గదిలో ఇంటర్నెట్ ఆగిపోతుంది, మీ మీదికి వస్తుంది.

ల్యాప్‌టాప్‌లోనే అసలు ఐఓఎస్ నడిపే జీఎన్‌ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ అంటూ మిత్రులు చెప్తారు. మంచివే, ఉచితమే. కానీ అవి ఖాళీ పాత్రలు, అందులో వేసే సిస్కో ఐఓఎస్ ఫైళ్లు ఉచితం కావు. టెలిగ్రామ్‌లో ఎవరో పంపినవి వాడమని నేను చెప్పను. సిస్కోదే మోడలింగ్ ల్యాబ్స్ అని ఉంది, ఐదు పరికరాల వరకు ఉచిత వెర్షన్ ఇస్తున్నారు. అది అసలు ఐఓఎస్ కాబట్టి రుచి చూడదగ్గదే, కానీ 8 జీబీ ర్యామ్‌లో దానికి ఊపిరాడదు. దానికోసం ఇప్పుడు ర్యామ్ కొనకండి. సీసీఎన్‌ఏ అయ్యాక పై మెట్టుకు వెళ్తే అప్పుడు ఆలోచిద్దాం. ల్యాప్‌టాప్‌లో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, దాన్ని ఎస్‌ఎస్‌డీకి మార్చడం మాత్రం దండగ కాదు. తీగలో వెళ్లే సమాచారాన్ని పట్టి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాం ఈ రోజే వేసుకోండి. ఒక వెబ్‌సైట్ తెరుస్తూ డీఎన్‌ఎస్ ఎలా అడుగుతుందో, టీసీపీ మూడు అడుగుల పలకరింపు ఎలా జరుగుతుందో మీ ఇంటి ఇంటర్నెట్‌లోనే కనబడుతుంది.

ఫీజు తగ్గే దారి ఒకటుంది. నెట్‌వర్కింగ్ అకాడమీలో సీసీఎన్‌ఏ మూడు కోర్సులను ఒక అకాడమీ కాలేజీ ద్వారా పూర్తిచేసి మంచి స్కోరు తెచ్చుకున్నవారికి పరీక్ష మీద రాయితీ వోచర్ ఇచ్చే పద్ధతి ఉంది. మీరు చదివిన కాలేజీగానీ, జిల్లాలోని ఇంజనీరింగ్ కాలేజీలుగానీ ఆ అకాడమీలో ఉన్నాయేమో, బయటివాళ్లను చేర్చుకుంటారేమో కనుక్కోండి. కనుక్కోవడానికి ఒక ఫోన్ కాల్, మిగిలితే వేలు. అమీర్‌పేట వెళ్లి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకోవడం గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను. ఉద్యోగం వదులుకుని వెళ్లేంత అవసరం ఈ పరీక్షకు లేదు. డంపులు, అంటే పరీక్షలోంచి ఎత్తుకొచ్చిన ప్రశ్నలూ జవాబులూ, అంటగట్టేవాళ్లు మాత్రం ఎదురవుతారు. వాటితో పాసైనట్టు తేలితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేయగలదు. అది తేలకపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

బావగారికి ఎలా చెప్పాలన్నది మీరు రాయలేదు కానీ అదీ ఒక చిక్కే. సాయం చేస్తానన్న మనిషిని నొప్పించకూడదు. కిట్టు బాగోలేదని వాదించకండి, స్నేహితుడి ముందు ఆయన చిన్నబోతారు. సిలబస్ మారిందట బావగారూ, ఆ 8 వేలు పరీక్ష ఫీజుకు సర్దితే మేలవుతుందని అడిగి చూడండి. మీ 13 వేలకు అది తోడైతే 21 వేలు అవుతాయి. వోచర్ దొరక్కపోయినా, మిగతాది రెండు మూడు నెలల జీతంలో కూడుతుంది. ఆ రెండు మూడు నెలలూ మీకు చదువుకు ఎలాగూ కావాలి.

పరీక్ష రాసే చోటు గురించి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పరీక్ష 120 నిమిషాలు, పియర్సన్ వ్యూ అనే సంస్థ నిర్వహిస్తుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనూ రాయవచ్చు, కానీ మీరు రాయకండి. గదిలోకి ఇంకెవరూ రాకూడదు, బల్ల మీద ఏమీ ఉండకూడదు, మధ్యలో కరెంటో నెట్టో పోతే తలనొప్పి. రెండు గదుల ఇంట్లో అంతసేపు ఎవరూ తలుపు తీయకుండా ఉండాలంటే జరిగేది కాదు. విశాఖలో పరీక్ష కేంద్రం ఎంచుకుని, చీపురుపల్లిలో పొద్దున్న రైలు ఎక్కండి. ఒక ప్రశ్న దాటాక వెనక్కి వెళ్లే వీలుండదు. కమాండ్లు కొట్టే ల్యాబ్ ప్రశ్నలూ వస్తాయి, వాటికి సమయం మిగుల్చుకోండి.

ఖాతా తెరిచేటప్పుడు పేరు దగ్గర తొందరపడకండి. మన పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ముందూ వెనకా అయి ఉంటుంది. కేంద్రానికి మీరు తీసుకెళ్లబోయే గుర్తింపు కార్డు ఏదో ముందే నిర్ణయించుకుని, దాని మీద పేరు ఎలా ఉందో సరిగ్గా అలాగే సిస్కో, పియర్సన్ వ్యూ ఖాతాల్లో పెట్టండి. పేరు కలవకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఆలోచన ఉంటే, కార్డుల్లో మార్పు ఈ పరీక్షకు ముందో, పూర్తిగా అయ్యాకో పెట్టుకోండి, మధ్యలో వద్దు.